పరంగిమలై మెట్ల మీద రెండో ఆజ్ఞ

మా ఇంట్లో విగ్రహాలు లేవు. ఈ మాటను నేను చిన్నతనం నుంచి ఎన్నిసార్లు, ఎంత ధీమాగా చెప్పి ఉంటానో లెక్క లేదు. మా తాతగారు నెల్లూరు దగ్గరి పల్లె నుంచి మద్రాసుకు రైల్వే పనికి వచ్చి పెరంబూరులో స్థిరపడిన బాప్టిస్టు విశ్వాసి. గోడకు వాక్యాల క్యాలెండరు, బీరువా పై అరలో గుడ్డలో చుట్టిన పెద్ద బైబిలు, ఇంతే మా ఇంటి అలంకారం. ఆదివారం బడిలో మా చేత కంఠస్థం చేయించిన కీర్తనల్లో నూట పదిహేనవది ఒకటి: "వాటికి నోరుండియు పలుకవు, కన్నులుండియు చూడవు, చెవులుండియు వినవు." ఆ "వాటికి" అన్న మాట ఎవరి ఇంటి వైపు వేలు చూపిస్తోందో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. వీధిలో మాకు అటూ ఇటూ ఉన్నవన్నీ దేవుడి గూళ్లున్న ఇళ్లే. ముప్పై మూడేళ్లు చెన్నైలోనే తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఒకప్పుడు బెంచీలు చాలక పిల్లలు నేల మీద కూర్చున్న తరగతి చివరికి ఏడుగురికి కుదించుకుపోవడం కళ్లారా చూసి, పదవీ విరమణ చేశాక కూడా ఆ కీర్తనను నేను అదే దిక్కుకు చదువుతూ వచ్చాను. పోయిన సెప్టెంబరులో ఒక శనివారం, శాంతోము నుంచి పరంగిమలై వరకు చేసిన ఒక్కరోజు యాత్రలో ఆ వేలు ఎటు తిరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

యాత్ర నా ఆలోచన కాదు. అసలు ఆ మాటే మా సంఘంలో వాడరు. మా ఆవిడ పుట్టినిల్లు గుంటూరు జిల్లా ఫిరంగిపురం. వాళ్లు తరతరాలుగా కతోలికులు. పెళ్లయ్యాక ఆమె మా సంఘంలో చేరింది గాని, అమ్మ ఇచ్చిన జపమాలను మాత్రం వంటింట్లో పోపుల డబ్బా వెనక దాచుకుంది. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసునన్న సంగతి ఆమెకూ తెలుసు. ముప్పై ఐదేళ్లుగా దాన్ని గురించి ఇద్దరమూ మాట్లాడలేదు. రెండేళ్ల కిందట మోకాలి ఆపరేషను అయినప్పుడు, మళ్లీ మెట్లెక్కగలిగితే తోమా కొండ, అంటే పరంగిమలై, ఎక్కి రావాలని ఆమె మనసులో అనుకుందట. మొక్కు అనలేదు, మా ఇంట్లో ఆ మాట చెల్లదు కాబట్టి. "మా ఊరి పేరులోనూ ఫిరంగి ఉంది, ఆ కొండ పేరులోనూ ఫిరంగి ఉంది, ఒక్కసారి తీసుకువెళ్లండి" అని మాత్రం అంది. యేసు శిష్యుల్లో ఒకడైన పునీత తోమా ఎక్కడ సమాధి అయ్యాడని చెబుతారో, ఎక్కడ దాక్కున్నాడని చెబుతారో, ఎక్కడ చంపబడ్డాడని చెబుతారో ఆ మూడు చోట్లూ చెన్నైలోనే, ఒక్క పూటలో చుట్టి రాగల దూరంలో ఉండగా, ఇదే నగరంలో పుట్టి పెరిగిన నేను అంతవరకు ఒక్కటీ చూడలేదు. కారణం వేరే చెప్పాలా? అక్కడ బొమ్మలుంటాయి.

బయలుదేరడానికి వారం ముందు జరిగిన చిన్న సంగతి ఒకటి చెప్పకపోతే మిగిలిందంతా అర్థం కాదు. మా ఎదురింటి పిన్నిగారు వినాయక చవితి చేసుకున్నారు. ఆవిడది ఒంగోలు దగ్గరి ఊరు; కొడుకు పరదేశంలో ఉన్నాడు, ఇంట్లో ఆవిడ ఒక్కరే. ప్రతి ఏడాదీ నైవేద్యం పెట్టకముందే మా వాటా ఉండ్రాళ్లు వేరే గిన్నెలో తీసి పంపడం ఆవిడ పద్ధతి. మా నియమాన్ని ఆవిడ అంత జాగ్రత్తగా కాపాడినందుకు నేను ఒక్కనాడైనా కృతజ్ఞత చెప్పలేదని ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది. మూడోనాడు సాయంత్రం ఆవిడ నన్ను పిలిచి, బొమ్మను పీటతో సహా కిందికి దించి ఆటోలో పెట్టగలనా అని అడిగారు. నేను తటపటాయిస్తుంటే నవ్వి, "ఉండండి మేష్టారూ, ముందు ఉద్వాసన చెప్పనివ్వండి, తరవాత మీరు మోసేది ఉత్త మట్టే" అన్నారు. నా కళ్ల ముందే ఆవిడ రెండక్షతలు వేసి, ఏదో చదివి, బొమ్మను రెండు వేళ్లతో ఈశాన్యం వైపు కొంచెం, బియ్యపుగింజంత, కదిపారు. "అంతేనా?" అన్నాను. "అంతే. రమ్మని పిలిచినదాన్ని వెళ్లిరమ్మని చెప్పడమూ రావాలి గదా. మీ పుస్తకంలో దీనికి ఎంత కోపపడతారో నాకు తెలుసు గాని, పిలిచి పంపలేనిదాన్ని చూసి భయపడాలి మేష్టారూ, దీన్ని చూసి కాదు" అన్నారు. ఆవిడ వాదానికి దిగలేదు. ఆటోవాడు హారను కొడుతున్నాడు.

శాంతోములో మేము దిగేసరికి ఇంకా ఆరున్నర కాలేదు. గుడి తలుపులు తెరిచి ఉన్నా, ముందు సముద్రం చూద్దామని మా ఆవిడ అంటే వెనక వీధిలోంచి పట్టినపాక్కం వైపు నడిచాం. పోయిన ఆదివారపు నిమజ్జనం గుర్తులు ఒడ్డున ఇంకా మిగిలి ఉన్నాయి. కార్పొరేషను వాళ్లు ఊడ్చి కుప్ప పోసిన వెదురు కర్రలు, తడిసి ఎండిన బంతిపూల దండలు, రంగు వదిలిన ఒక తొండం ముక్క. వేరే ఏడాది అయితే ఆ తొండం ముక్కను చూసి నాకు యెషయా నలభై నాలుగో అధ్యాయం గుర్తొచ్చేది, లోపల ఒక చిన్న విజయంతో. ఒకడు చెట్టు నరికి, సగం పొయ్యిలో పెట్టి రొట్టె కాల్చుకుని చలి కాచుకుంటాడు, మిగిలిన సగాన్ని దేవుడిగా చెక్కి దాని ముందు సాగిలపడతాడు. ప్రవక్త ఎగతాళి ఆ చోట ఎంత పదునుగా ఉంటుందంటే, చదివేవాడు తాను నవ్వేవాళ్ల పక్షాన ఉన్నాననే అనుకుంటాడు. ఆ రోజు ఆ మట్టిముక్క దగ్గర నాకు నవ్వు రాలేదు. దానికి వెళ్లిరమ్మని చెప్పడం అయిపోయింది. అది ఇప్పుడు ఎవరినీ పట్టుకుని లేదు.

ఇప్పుడున్న శాంతోము గుడి పందొమ్మిదో శతాబ్దం చివర, 1896 నాటికి పూర్తయిన గోథిక్ కట్టడం. అంతకుముందు అదే చోట పోర్చుగీసువారు పదహారో శతాబ్దంలో కట్టిన గుడి ఉండేది. లోపల మరియమాత విగ్రహం ముందు మా ఆవిడ మోకరిల్లలేక నిలబడే చేతులు జోడించింది. "విగ్రహం" అని నేను అనగానే, "స్వరూపం అనాలండీ, మా వాళ్లు విగ్రహం అనరు" అని మెల్లగా సరిదిద్దింది. నేను ఊరుకోలేదు. రెండో ఆజ్ఞ సంగతేమిటన్నాను. "మా లెక్కలో అది రెండోది కాదు, మొదటిదానిలోనే కలిసి ఉంటుంది" అంది. అది నిజమే. పది ఆజ్ఞలను కతోలికులు ఒక రకంగా, మేము ఒక రకంగా విడదీసి లెక్కపెడతాం; చివరి సంఖ్య పదే అయినా మా రెండోది వాళ్ల మొదటిదానిలో భాగం. వాక్యం మాత్రం ఒక్కటే. సంచిలోంచి బైబిలు తీసి నిర్గమకాండము ఇరవయ్యో అధ్యాయం తెరిచాను, ఆమెను ఓడించాలనే.

"దేని రూపమునయినను విగ్రహమునయినను నీవు చేసికొనకూడదు."

నేను తెలుగు మేష్టారిని. ఆ వాక్యంలో "చేయకూడదు" అని లేదు, "చేసికొనకూడదు" అని ఉంది. క్రియకు "కొను" చేరితే ఆ పని చేసేవాడికే చెందుతుందని, దాన్ని ఆత్మార్థకం అంటారని, వండడానికీ వండుకోవడానికీ భేదం అదేనని తొమ్మిదో తరగతి పిల్లలకు ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. హెబ్రీ మూలంలోనూ "నీకు" అన్న మాట అక్కడ ఉంది. అంటే ఆజ్ఞ రాతి గురించి, కొయ్య గురించి మొదలుకాదు. నాకోసం నేను చేసుకున్నదాని గురించి మొదలవుతుంది. యాభై ఏళ్లుగా కంఠస్థంగా ఉన్న వాక్యంలో ఒక ప్రత్యయాన్ని గమనించకపోవడం వృత్తిపరంగా కూడా నాకు సిగ్గనిపించింది.

వెనక వైపు మెట్లు దిగితే తోమా సమాధి ఉన్న చిన్న మందిరం వస్తుంది. అక్కడ ఎవరూ మాట్లాడరు. యోహాను సువార్తలో ఈ తోమాయే గదా, ఆ మేకుల గురుతులో నా వేలు పెడితేనే గాని నమ్మనన్నవాడు. కంటికి కనపడాలి, చేతికి తగలాలి అన్న మనిషి. ఆయనకు వచ్చిన జవాబులో మందలింపు ఉంది, "చూడక నమ్మినవారు ధన్యులు" అని; కాని వేలు చాచడానికి అనుమతి కూడా ముందే ఇచ్చారు. చూడాలన్న కోరికను క్రీస్తు అసహ్యించుకోలేదని, ఆ కోరిక పట్ల నాకున్నంత కాఠిన్యం ఆయనకు లేదని ఆ నిశ్శబ్దంలో కూర్చున్నప్పుడు అనిపించింది. అక్కడి బల్ల మీదే యెహెజ్కేలు పద్నాలుగో అధ్యాయం తీశాను. మా పాస్టరుగారు కిందటి నెలలో దాన్ని ప్రసంగించారు, నేను సగం విన్నాను. ఇశ్రాయేలు పెద్దలు కొందరు వచ్చి ప్రవక్త ముందు కూర్చుంటారు. వాళ్లు ఏ గుట్ట మీదికీ వెళ్లలేదు, ఏ బలిపీఠానికీ మొక్కలేదు, సక్రమంగా దేవుని మాట వినడానికే వచ్చారు. అప్పుడు దేవుడు ప్రవక్తతో అంటాడు, వీళ్లు తమ హృదయాల్లో విగ్రహాలు నిలుపుకుని వచ్చారు, వీళ్లను నన్ను అడగనివ్వాలా అని. విగ్రహం బయట లేదు. మనిషి వాక్యం ముందు కూర్చుని ఉన్నాడు. అయినా విగ్రహం ఉంది.

ఇక్కడే ఆ మాట అర్థం విప్పుకుంది నాకు. విగ్రహం అంటే బొమ్మ, మూర్తి, దేహం. ఇంకో అర్థం ఉంది. రాజనీతిలో సంధి, విగ్రహం అని చెబుతారు. సంధి అంటే పొత్తు, విగ్రహం అంటే తగవు, కయ్యం. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు బొమ్మ అనుకుంటారేమోనని ఈ తేడాను ప్రత్యేకంగా బోర్డు మీద రాసేవాణ్ణి.

నాకు ఒక తగవు ఉంది. దాని వయసు పదకొండేళ్లు.

మా పల్లెలో నాన్నగారు వదిలిపెట్టిన ఇంటిస్థలం అన్నదమ్ములం ఇద్దరం పంచుకున్నాం. ఊరు విడిచి ఉన్నవాణ్ణి కాబట్టి నా భాగం ఖాళీగా ఉండేది. తమ్ముడు తన ఇల్లు పెంచుకునేటప్పుడు ప్రహరీ గోడను నా వైపు జరిపి కట్టాడు. పోయింది నాలుగు అంకణాలు. అమ్మితే నా పిల్లల జీవితం మారేంత సొత్తు కాదు. అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణని అందరితో చెబుతుంటాను, అది నిజమో కాదో ఇప్పుడు నాకే తెలియదు. పారీఖత్తు (పంపకాల పత్రం) నకలు, సర్వేయరు కొలతల నకలు, నేను పంపించిన లాయరు నోటీసు, దానికి వాడు ఇచ్చిన జవాబు, గోడ ఫోటోలు, అన్నీ ఒక నీలం ఫైలులో పెట్టి బీరువా పై అరలో, బైబిలు పక్కన ఉంచాను. వేరే చోటు లేక కాదు. ఇంట్లో విలువైనవి ఉంచే చోటు అదే గనుక.

ఆ బల్ల మీద కూర్చుని లెక్కవేసుకుంటే, పిన్నిగారింట్లో మూడు రోజులు జరిగిన సేవలన్నీ మా ఇంట్లో పదకొండేళ్లుగా జరుగుతున్నట్టు తేలింది. ఉదయ ప్రార్థన అయ్యాక బైబిలు అరలో పెడుతూ, చేతికి తగిలిన ఫైలును తీసి ఒకసారి తిరగెయ్యడం నా అలవాటు, అది సుప్రభాతం. బంధువులు ఎవరొచ్చినా కాఫీ తాగడం పూర్తికాకముందే కథ మొదలుపెట్టడం, చెప్పిన ప్రతిసారీ గోడను ఇంకొక అడుగు జరపడం అలంకారం. రాత్రిపూట వాడితో మనసులో వాదించి గెలిచి, తెల్లవారేదాకా మేలుకుని ఉండడం జాగరణ. నా నిద్రే నైవేద్యం. దానికి నేను పెట్టిన పేర్లు కూడా చిన్నవి కావు. న్యాయం, ఆత్మగౌరవం, నాన్నగారి మాట, పిల్లల హక్కు. పిన్నిగారి వినాయకుడికీ ఇన్ని నామాలు నా చెవిన పడలేదు. యెషయా చెప్పిన వడ్లవాడు ఇప్పుడు దూరపువాడిలా లేడు. మా ఇద్దరినీ చదివించి పెద్దవాళ్లను చేసింది నాన్నగారి సంపాదనే. అందులో ఎక్కువ భాగం అన్నమై, బడి ఫీజై, మా ఒంట్లో కలిసిపోయింది. తినగా మిగిలిన ముక్కను నేను చెక్కి నిలబెట్టుకున్నాను. స్వరూపం అని మా ఆవిడ అన్న మాట కూడా అప్పుడే మళ్లీ వినపడింది. ఆ ఫైలులో ఉన్నది తమ్ముడి బొమ్మ కాదు, అన్యాయానికి గురైన పెద్దమనిషిగా నేను చెక్కుకున్న నా స్వరూపం.

కీర్తనలో ఆ వరుస చివర, ఆదివారం బడి పిల్లలు అంతగా పట్టించుకోని మాట ఒకటుంది: "వాటిని చేయువారును వాటియందు నమ్మికయుంచు వారందరును వాటివంటివారై యున్నారు." చెవులుండి వినకపోవడం గురించి నాకు వేరే ఉదాహరణ అక్కరలేదు. రెండేళ్ల కిందట తమ్ముడి ఫోను మూడుసార్లు వచ్చింది. పేరు చూస్తూ కూర్చున్నాను, మోగి మోగి ఆగిపోయింది. మరదలికి ఆపరేషను అని తరవాత వేరేవాళ్ల వల్ల తెలిసింది. మా ఇంట్లో మోకాలికి కట్టు కట్టుకుని ఉన్న మనిషిని చూసుకోవాలి గదా అని నాకు నేను చెప్పుకున్నాను. అదే నెల కావడం నాకు కలిసి వచ్చింది.

మేము పైకి వచ్చి ఆటో మాట్లాడుకున్నాం. మా ఆవిడతో నేను ఏమీ చెప్పలేదు. ఆమె కిటికీ లేని ఆటోలో గాలికి పైట సర్దుకుంటూ జపమాలను చేతిలోనే, బయటికి కనిపించేలా పట్టుకుని కూర్చుంది.

సైదాపేటలో అడయారు దాటించే పాత వంతెనను 1726లో కోజా పెట్రస్ ఉస్కన్ అనే ఆర్మీనియన్ వర్తకుడు తన డబ్బుతో కట్టించాడు. ఇప్పుడున్నది ఆ తరవాత కట్టిన కొత్త వంతెన. పరంగిమలై మెట్లు కట్టించినదీ ఆయనే. ధనాపేక్ష అంటే విగ్రహారాధనే అని కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు తేల్చి చెబుతాడు. డబ్బున్న వర్తకుడు ఒకడు దాన్ని నదికి వంతెనగానూ కొండకు మెట్లుగానూ మార్చి వెళ్లిపోయాడని ఆటోలో ఆమెకు చెప్పాను. పాఠం చెప్పే అలవాటు పోదు. "మెట్లెన్ని ఉంటాయి?" అని మాత్రం అడిగింది.

వంతెన దాటగానే చిన్నమలై. తోమా తనను వెంటాడినవారికి దొరకకుండా దాక్కున్నాడని చెప్పే గుహ అక్కడుంది. నడుం బాగా వంచితే తప్ప లోపలికి వెళ్లలేం. ఒక పక్క రాతి సందులోంచి వెలుతురు పడుతుంది. ఆ దారినే ఆయన తప్పించుకున్నాడంటారు. అక్కడ నేను చదివింది ఆదికాండము. రాహేలు తన తండ్రి లాబాను ఇంటి విగ్రహాలను దొంగిలించి, ఒంటె సామగ్రిలో దాచి, వాటి మీద కూర్చుంటుంది. తండ్రి వచ్చి గుడారమంతా వెతికితే, లేవలేని స్థితిలో ఉన్నానని చెప్పి కదలదు. తరవాత ఆమె భర్త యాకోబు బేతేలుకు బయలుదేరేటప్పుడు ఇంటివాళ్లందరినీ పిలిచి, మీ దగ్గరున్న అన్యదేవతలను తీసిపారేయండి, శుద్ధి చేసుకోండి, బట్టలు మార్చుకోండి అంటాడు. యాత్రకు ముందు మూట విప్పడం అన్నమాట. వాళ్లు ఇచ్చినవాటిని ఆయన షెకెము దగ్గర ఒక చెట్టు కింద దాచిపెట్టాడని ఉంది. తగలబెట్టలేదు, పొడి చెయ్యలేదు. దాచిపెట్టాడు. ఎందుకో వాక్యం చెప్పదు. ఒక్క దెబ్బకు విరిచి పారేసేంత బలం అందరికీ ఉండదని, అయినా వాటిని మోసుకుంటూ బేతేలుకు పోకూడదని ఆ ముసలాయనకు తెలిసి ఉంటుందని నేను అనుకున్నాను. ఇది వ్యాఖ్యానం కాదు, ఆ గుహలో వంగి నిలబడ్డ నా నడుము ఊహ.

"రాహేలు కథేనా చదువుతున్నారు?" అంది మా ఆవిడ. అవునన్నాను. "ముప్పై ఐదేళ్లు నేను కూర్చున్నట్టే కూర్చుంది పాపం" అని నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఒంటె సామగ్రి మీద కూర్చున్నది ఆమె ఒక్కతే కాదని చెప్పడానికి నోరు రాలేదు.

చిన్నమలై స్టేషనులో మెట్రో ఎక్కి, ఆలందూరులో మారి, సెయింట్ థామస్ మౌంట్ స్టేషనులో దిగాం. పొద్దు బాగా ఎక్కింది. కొండ మీదికి బండ్లు పోయే దారి ఉన్నా ఆమె మెట్లే ఎక్కుతానంది. మధ్యమధ్య శిలువ మార్గపు స్థలాల దగ్గర ఆగి, ప్రార్థన మిషతో మోకాలికి విశ్రాంతి ఇచ్చుకుంటూ నడిచింది. నేను మాత్రం ఊరికే ఎక్కలేదు. నాతో నేను వాదించుకుంటూ ఎక్కాను. పదకొండేళ్లకు నేనొక్కణ్ణే కారణమా? నోటీసుకు వాడిచ్చిన జవాబులో ఆ మాటలు రాయకుండా ఉండాల్సింది గదా. నేను మొదట కాగితం పంపానే గాని, గొడవ ఇంత దూరం దానంతట అదే వచ్చింది. ఈ మాట మనసులో పూర్తవుతుండగానే అహరోను ఎదురయ్యాడు. జనం కొలవడానికి తాను చేసిపెట్టిన బంగారు దూడను చూసి మోషే నిలదీస్తే, ఆ పెద్ద యాజకుడు చెప్పిన సమాధానం గ్రంథమంతటిలోనూ నాకు ఎక్కువ నవ్వు తెప్పించేది: వాళ్లు బంగారం ఇచ్చారు, నేను దాన్ని అగ్నిలో వేశాను, ఈ దూడ అయింది. పోగరతో, అంటే చెక్కే పనిముట్టుతో, తానే రూపు దిద్దాడని కాస్త పైనే రాసి ఉంటుంది. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆయాసం అనుకుని మా ఆవిడ నీళ్ల సీసా ఇచ్చింది.

పై గుడి పోర్చుగీసువారి కాలంలో, 1523లో మొదలైందని చెబుతారు. బలిపీఠం దగ్గర రాతిలో చెక్కిన పాత శిలువ ఉంది. 1547లో తవ్వకంలో దొరికిన ఆ రాయి చుట్టూ పహ్లవీ అనే పాత పారశీక లిపిలో అక్షరాలున్నాయి. 1558 డిసెంబరు 18న అది రక్తపు చెమట చిందించిందని కతోలికుల నమ్మకం; ఇప్పటికీ డిసెంబరు 18న ఇక్కడ పండుగ చేస్తారు. నేను రక్తం సంగతి ఆలోచించలేదు. ఆ శిలువ మీద మనిషి రూపం లేదు. పైన దిగుతున్న పావురం, చివరల్లో పువ్వు విచ్చినట్టున్న అంచులు, నడుమ ఖాళీ. బొమ్మలుంటాయని నేను ఇన్నాళ్లూ రాకుండా ఉన్న గుడిలో, అందరూ వరుసకట్టి చూసే రాయి అది.

బయట గోడ పక్కన నిలబడితే మీనంబాక్కం విమానాశ్రయం, దాని రన్‌వే కనిపిస్తాయి. ఈ కొండ పరిసరాల్లోనే 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ ఆధార రేఖ కొలవడం మొదలుపెట్టాడు. దేశమంతటినీ త్రిభుజాలుగా కొలుచుకుంటూ పోయి, కొన్ని దశాబ్దాల తరవాత హిమాలయ శిఖరాల ఎత్తు తేల్చిన సర్వేకు అది తొలి అడుగు. మా సర్వేయరు గొలుసు పట్టుకుని నాలుగు అంకణాలు తేల్చిన విద్య దేశమంతటినీ కొలవడానికి బయలుదేరిన చోట నేను నిలబడి ఉన్నాను. మా సర్వేయరు కొలతలో తప్పేమీ లేదు. గోడ నా స్థలంలోనే ఉంది. నేను చెప్పుకొస్తున్నది ఆ కొలతను కాదనడం కాదు.

ఫోను తీసి తమ్ముడి నంబరు నొక్కాను. మోగింది, మోగింది, ఆగిపోయేముందు ఎత్తారు. మరదలు.

"బావగారూ!" అంది. ఆ గొంతులో సంతోషం కన్నా కంగారు ఎక్కువ. "ఆయన పొలానికి వెళ్లారు, ఫోను ఇంట్లోనే మరిచిపోయారు. ఏమైనా చెప్పమంటారా?"

చెప్పవలసినవి పదకొండేళ్లుగా రాత్రిళ్లు తయారుచేసుకున్నవి చాలా ఉన్నాయి. ఒక్కటీ అక్కరకు రాలేదు. "నీ ఒంట్లో ఎలా ఉందమ్మా?" అన్నాను. ఆ వైపు కాసేపు మాట లేదు. ఒక విమానం లేచింది, దాని చప్పుడు పోయేదాకా ఇద్దరమూ ఆగాం.

"బాగానే ఉంది బావగారూ. అక్క మోకాలు ఎలా ఉంది?"

"కొండెక్కింది" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. మా ఆవిడ కాళ్లు కడుక్కుని వంటింట్లోకి వెళ్లింది. జపమాల పోపుల డబ్బా వెనకకు వెళ్లిందో, ఇంకెక్కడైనా పెట్టిందో నేను తొంగి చూడలేదు. తమ్ముడి నుంచి ఫోను రాలేదు. బైబిలును గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టబోతే ఫైలు చేతికి తగిలింది, రోజూ తగిలినట్టే. దాన్ని తియ్యలేదు, తెరవలేదు. చించెయ్యాలని మెట్ల మీద ఒక క్షణం అనుకున్నాను గాని, ఇంటికి వచ్చాక ఆ బలం లేదని తెలిసింది. బైబిలును ఆనుకుని ఉన్నదాన్ని రెండు వేళ్లతో పక్కకు కొంచెం, బియ్యపుగింజంత, కదిపాను.

"ఏం వెతుకుతున్నారండీ?" అని వంటింట్లోంచి అడిగింది.

"ఏమీ లేదు" అన్నాను. ఈశాన్యం ఎటు వైపో నేను చూసుకోలేదు.